గల్ఫ్ తీరంలో మంచు, పిట్టల లెక్క

అమెరికాలో టెక్సస్ నుంచి ఫ్లోరిడా వరకు మెక్సికో సింధుశాఖను ఆనుకుని ఉన్న ప్రాంతాన్ని గల్ఫ్ తీరం అంటారు. చెరకు, వరి, పత్తి, నారింజ పండే వెచ్చటి నేల అది. అక్కడి పేరున్న నగరం న్యూ ఆర్లీన్స్ దాదాపు హరిద్వారం ఉన్న అక్షాంశం మీదే ఉంది. ఆ ఊళ్లో మంచు పడి నేల తెల్లబడటం జీవితంలో కొద్దిసార్లే చూసే వింత. పడినా చాలాసార్లు పూట గడిచేలోపు కరిగిపోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం తీరం వెంబడో, దాని పొరుగు రాష్ట్రాల్లోనో మంచు అంగుళాల లెక్కన పేరుకుని, చలి రోజుల తరబడి కదలకుండా కూర్చుంటుంది. 1895, 1899, 2004, 2021, 2025 అలాంటి సంవత్సరాలు. ఆ రోజుల్లో పెరట్లోకి, వీధుల్లోకి వచ్చిపడిన అడవి పిట్టలను అక్కడి జనం ఏ కంటితో చూశారన్నదానికి నూట ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది.

తెలుగులో మంచు అన్న మాట మూడు పనులు చేస్తుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున దారి కనపడనివ్వని పొగమంచూ మంచే, గడ్డిపరక మీద నిలిచే బొట్టూ మంచే, హిమాలయాల మీద పేరుకునే హిమమూ మంచే. లంబసింగికి జనం వెళ్లి చూసేది మొదటి రెండింటినే, బాగా చలి వేసిన రాత్రి గడ్డకట్టిన రెండోదాన్ని. ఇక్కడి ప్రస్తావన మూడోదాని గురించి. అది దక్కను పీఠభూమి దాకా రాకపోవడానికి మన అక్షాంశం ఒక కారణమైతే, మధ్య ఆసియా చలిగాలిని అడ్డుకునే హిమాలయాల గోడ మరో కారణం. ఉత్తర అమెరికాలో తూర్పు పడమరలుగా నిలిచిన అలాంటి గోడ లేదు. రాకీ పర్వతాలు, అపలేచియన్ పర్వతాలు రెండూ ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతాయి. వాటి నడుమనున్న మైదానం ఆర్కిటిక్ వైపు నుంచి వచ్చే గాలికి తలుపుల్లేని వీధి. అయితే చలిగాలి ఒక్కటే దిగితే పొడి చలే తప్ప మంచు పడదు. సరిగ్గా అదే వేళకు సింధుశాఖ మీద అల్పపీడనం ఏర్పడి తేమను అందించాలి. ఈ రెండూ కలిసిరావడం అరుదు కనుకనే మంచూ అరుదు.

పిట్టల సంగతికి వస్తే, గల్ఫ్ తీరం వాటికి చలికాలపు విడిది. కెనడా నుంచి, అమెరికా ఉత్తర రాష్ట్రాల నుంచి రాబిన్లు, బ్లూబర్డులు, ఉడ్‌కాక్‌లు, రకరకాల స్పారోలు శరదృతువులో ఇక్కడికి చేరతాయి. నేల గడ్డకట్టని చోటు, పురుగూ పండూ దొరికే చోటు వెతుక్కుంటూ వచ్చిన పిట్టలవి. చలి కూడా వాటి వెంటే వచ్చిందంటే ఇక ముందు సముద్రం తప్ప మరేమీ ఉండదు. ఉత్తరాదిలోనే చలికాలం గడిపే పిట్టలకు మంచు రోజువారీ వ్యవహారం. దక్షిణాదికి వచ్చినవాటికి అది వరదలాంటి విపత్తు.

చిన్న పిట్ట చలికి చస్తుందనే మాట సగమే నిజం. ఈకలు పొంగించుకుని, ఒళ్లు వణికించుకుని అది మంచి చలినే తట్టుకోగలదు. కానీ ఆ వేడికి ఇంధనం కావాలి. చలిరాత్రి గడిచేసరికి ఒంటి బరువులో పదో వంతు దాకా కరిగిపోవచ్చు. తెల్లారాక ఆ లోటు తిండితో పూడాలి. నేల మీద గింజలేరుకునే పిట్టకు నాలుగంగుళాల మంచు కింద గింజ ఉన్నా లేనట్టే. అందుకే మంచు రోజున పిట్టలు ఉన్నట్టుండి ఎక్కువైనట్టు కనిపిస్తాయి. పొలాల్లో, పొదల్లో చెదిరి ఉండేవన్నీ మంచు కప్పని అంగుళం నేల కోసం రోడ్డు అంచులకు, గొడ్లపాకల పక్కకు, వాకిళ్లలోకి చేరతాయి. చూసేవాళ్లకు అది పండుగ, వాటికది కరువు. గాలిపీడనం పడిపోవడాన్ని కొన్ని పిట్టలు ముందే పసిగడతాయనడానికి కూడా ఆధారాలున్నాయి. వైట్‌త్రోటెడ్ స్పారోలను గదిలో ఉంచి పీడనం తగ్గించి చూస్తే, అవి త్వరగా తిండి మీదికి వెళ్లాయి. తుపానుకు ముందురోజు పెరట్లో కనిపించే హడావిడికి ఇది ఒక వివరణ.

అన్ని పిట్టలకూ ఈ కష్టం ఒకేలా ఉండదు. మర్టిల్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట తీరంలో పెరిగే వ్యాక్స్ మర్టిల్ పొదల కాయలు తింటుంది. ఆ కాయల మీది మైనాన్ని అరిగించుకోగల పిట్టలు బహు తక్కువ. దాని బంధువుల్లో చాలావరకు పురుగులు దొరక్క ఇంకా దక్షిణానికి పోతే, ఇది ఈ ఒక్క విద్యతో తీరంలోనే నిలబడుతుంది. ఉడ్‌కాక్ పరిస్థితి దీనికి పూర్తిగా ఎదురు. మన ఉల్లంకి పిట్టల కుటుంబానికి చెందిన ఈ పక్షి పొడవాటి ముక్కును మెత్తటి నేలలోకి దింపి వానపాములను పట్టుకుంటుంది. పై ముక్కు కొసను మట్టిలోపలే తెరవగలదు. అంత నేర్పైన పనిముట్టు నేల గడ్డకట్టిన రోజున దేనికీ కొరగాదు.

పందొమ్మిదో శతాబ్దపు దక్షిణాదిలో మంచు రోజు అంటే పిట్టలు సులువుగా దొరికే రోజు. జంకో అనే బూడిదరంగు పిట్టను అక్కడ మంచుపిట్ట అనేవారు. చలి ముదిరినప్పుడే ఇళ్ల దగ్గరికి వచ్చేది కనుక ఆ పేరు. పిల్లలు మంచు ఊడ్చిన జాగాలో గింజలు చల్లి, పుల్లలను 4 అంకె ఆకారంలో నిలబెట్టి, దాని మీద బరువైన పెట్టెనో పలకనో ఆనించి ఉచ్చు పన్నేవారు. పెద్దల గురి పెద్ద పిట్టల మీద. రాబిన్ ఇప్పుడు అమెరికన్లకు వసంతాన్ని మోసుకొచ్చే ముద్దుల పిట్ట. ఆ రోజుల్లో దక్షిణాదిన అది కూర. రాత్రిపూట వేలాదిగా చెట్ల మీద చేరిన గుంపులను దివిటీల వెలుగులో కొట్టి సంచుల్లో నింపుకునేవారు. ఉత్తరాది పత్రికలు దీన్ని చూసి ముక్కున వేలేసుకునేవి గానీ, ఉత్తరాది నగరాల సంతల్లోనూ అడవి పిట్టల మాంసం అమ్ముడయ్యేది.

1894 డిసెంబరు చివరలో ఒకటి, 1895 ఫిబ్రవరి 7, 8 తేదీల్లో మరొకటి, రెండు చలిగాలులు ఫ్లోరిడా నారింజ తోటలను మోడు చేశాయి. వారం తిరక్కుండానే, ఫిబ్రవరి 14, 15 తేదీల్లో గల్ఫ్ తీరమంతా మంచు పడింది. హ్యూస్టన్‌లో 20 అంగుళాలు, న్యూ ఆర్లీన్స్‌లో 8 అంగుళాలకు పైగా. చరిత్ర పుస్తకాలు ఆ శీతాకాలాన్ని నారింజ రైతుల కథగానే చెబుతాయి. పిట్టల కథ బయటపడింది వేలమైళ్ల అవతల, నెల రెండు నెలలు ఆలస్యంగా. ఆ వసంతంలో ఉత్తర రాష్ట్రాల్లో ఏటా అందరికన్నా ముందొచ్చే బ్లూబర్డులు రాలేదు. నీలి వీపు, ఇటుకరంగు రొమ్ము ఉన్న ఈ పిట్ట పొలం గట్ల మీది కంచె గుంజల తొర్రల్లో గూడు పెట్టేది. రైతు కుటుంబాలకు బాగా తెలిసిన పిట్ట. అది కనపడకపోవడం పక్షిశాస్త్రం తెలియనివాళ్లకు కూడా తెలిసిపోయింది. ద ఆక్ వంటి పక్షిశాస్త్ర పత్రికలకు ఊరూరి నుంచి లేఖలు వెళ్లాయి. దక్షిణాదిన చలికి చచ్చిన పిట్టల వార్తలను వీటితో కలిపి చదివితే సంగతి అర్థమైంది. చలి ఎక్కువైతే ఒకే తొర్రలో పదీ పదిహేనూ దూరి ఒకదాన్నొకటి ఆనుకుని ముడుచుకోవడం బ్లూబర్డుల అలవాటు. అంతకు మించిన చలిలో ఆ తొర్రలే వాటికి గోరీలయ్యాయి.

పక్షుల లెక్కకు ఈ చలికాలం నేర్పిన పాఠం చిన్నది కాదు. మంచు రోజున కళ్లముందు గుంపులు కట్టిన పిట్టలను లెక్కబెడితే ఏదీ తెలియదు. మరుసటి వసంతంలో, వేరే చోట, రాని పిట్టలను లెక్కబెడితేనే జరిగిన నష్టం తెలుస్తుంది. కానీ రానివాటిని లెక్కబెట్టాలంటే అంతకుముందు ఎన్ని వచ్చేవో ఎవరో రాసిపెట్టి ఉండాలి. 1895లో అలాంటి లెక్క ఎవరి దగ్గరా లేదు. ఉన్నదంతా జ్ఞాపకమే. బ్లూబర్డు ఏడాదికి రెండు విడతలు, విడతకు నాలుగైదు గుడ్లు పెట్టే పిట్ట కావడంతో కొన్నేళ్లలో మళ్లీ కోలుకుంది. ఆ కోలుకోవడం కూడా జ్ఞాపకాల లెక్కే.

నాలుగేళ్లకే అంతకన్నా తీవ్రమైన చలి వచ్చింది. 1899 ఫిబ్రవరి 13న ఫ్లోరిడా రాజధాని టల్లహాసీలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. ఆ రాష్ట్రంలో నేటికీ అదే రికార్డు. మిసిసిపీ నదిలో మంచుగడ్డలు న్యూ ఆర్లీన్స్ దాటి సింధుశాఖలోకి తేలుతూ వెళ్లాయి. తీరానికి తూర్పున, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న చార్లెస్టన్ దగ్గర ఆర్థర్ వేన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ఆ రోజులను కళ్లారా చూసి ద ఆక్‌లో రాశాడు. లోపలి ప్రాంతాల్లో నేల గడ్డకట్టడంతో ఉడ్‌కాక్‌లు వేలకు వేలు తీరానికి వచ్చిపడ్డాయి. దిక్కుతోచక ఊరి వీధుల్లోనూ దిగాయి. ఆకలికి ఎండిపోయి ఈకల మూటల్లా ఉన్న వాటిని జనం పదుల వేలల్లో కాల్చి చంపారు. మిగిలినవాటిలో వేలకొద్దీ చలికి పోయాయి. ఫాక్స్ స్పారోలు, జంకోలు కూడా కుప్పలుగా చచ్చాయి. వేన్ జాలిగుండెతో తోటలో కూర్చుని పిట్టలు చూసినవాడు కాడు. పిట్టలను కాల్చి, చర్మాలు ఒలిచి, మ్యూజియాలకు, సేకర్తలకు అమ్ముకుని బతికినవాడు. అలాంటి మనిషికే అది దారుణంగా తోచిందంటే ఆ రోజులు ఎలా గడిచాయో ఊహించవచ్చు. ఆయన 1910లో వెలువరించిన దక్షిణ కరోలినా పక్షుల పుస్తకం ఆ ప్రాంతపు పక్షుల గురించి చాలాకాలం ఆధారగ్రంథంగా నిలిచింది.

మరుసటి ఏడాది రెండు పనులు జరిగాయి. 1900 మే నెలలో లేసీ చట్టం వచ్చింది. రాష్ట్ర చట్టాన్ని ధిక్కరించి చంపిన పక్షులను రాష్ట్రం దాటించడం దానితో నేరమైంది. అదే ఏడు క్రిస్మస్ రోజున న్యూయార్క్ మ్యూజియంలో పక్షుల విభాగంలో పనిచేసే ఫ్రాంక్ చాప్‌మన్ పిలుపు మీద, 27 మంది 25 చోట్ల పక్షులను లెక్కపెట్టారు. అంతకుముందు క్రిస్మస్‌కు జట్లుగా విడిపోయి ఎవరు ఎక్కువ పిట్టలను కొడతారో పందెం వేసుకునే ఆచారం ఉండేది. దానికి బదులుగా ఈ లెక్క. చాప్‌మన్ దక్షిణాదికి కొత్తవాడేమీ కాడు. యువకుడిగా ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో చలికాలం గడిపి, అక్కడి పక్షుల జాబితా ప్రచురించాడు. మంచు విపత్తులే ఈ లెక్కకు కారణమని అనలేం. టోపీల మీద ఈకల వ్యాపారం అంతకన్నా పెద్ద కారణం. కానీ 1895లో కరువైన ఆ రాసిపెట్టిన లెక్క ఈ దారిలోనే సమకూరడం మొదలైంది. 1918లో వలస పక్షుల ఒప్పంద చట్టంతో రాబిన్, బ్లూబర్డు వంటి పాటపిట్టలను చంపడం దేశమంతటా నేరమైంది. ఉడ్‌కాక్ మాత్రం వేటపక్షిగానే మిగిలింది. దానికి రుతువూ, రోజుకు ఇన్నన్న హద్దూ పెట్టారు.

తుపాకి లేకుండా పిట్టను గుర్తుపట్టడం అనే విద్య కూడా ఆ కాలంలోనే పెరిగింది. నాటకశాలలో వాడే చిన్న దుర్భిణితో పిట్టలను చూడటం నేర్పుతూ ఫ్లోరెన్స్ మెరియమ్ 1889లోనే పుస్తకం రాసింది. 1934లో రోజర్ టోరీ పీటర్సన్ గుర్తింపు పుస్తకం వచ్చాక ఆ విద్య సామాన్యుల చేతికందింది.

అదే 1934లో ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన టి.ఇ. మస్సెల్‌మన్ రోడ్ల వెంట కంచె గుంజలకు చెక్కపెట్టెలు బిగించి బ్లూబర్డులకు గూళ్లు ఏర్పాటు చేయడం మొదలుపెట్టాడు. చలికాలాల దెబ్బ నుంచి కోలుకోవాలంటే గుడ్లు పెట్టే చోటు కావాలి. పాత చెక్క గుంజలు పోయి ఇనుప గుంజలు రావడంతో తొర్రలు తగ్గాయి. ఉన్నవాటిని ఐరోపా నుంచి తెచ్చి వదిలిన స్టార్లింగులు, పిచ్చుకలు ఆక్రమించాయి. తెలుగునాట కనపడటం లేదని అందరూ బెంగపడే ఆ ఊరపిచ్చుకే అక్కడ దొంగగా ముద్రపడింది. పెట్టె రంధ్రాన్ని ఒకటిన్నర అంగుళాలకు కుదిస్తే స్టార్లింగు దూరలేదు. పిచ్చుకకు మాత్రం ఆ మందు పనిచేయదు. 1950ల చివర, 1970ల చివర వచ్చిన చలికాలాలు బ్లూబర్డులను మళ్లీ దెబ్బతీశాయి. 1978లో లారెన్స్ జెలెనీ చొరవతో ఉత్తర అమెరికా బ్లూబర్డ్ సొసైటీ ఏర్పడి ఈ పెట్టెల పనిని ఉద్యమంగా నడిపింది.

1977 జనవరి 19న మయామీలో మంచు రేకలు రాలాయి. నేల మీద నిలవలేదు గానీ, ఆ నగర చరిత్రలో అలా జరిగినట్టు నమోదైంది అదొక్కసారే. ఈసారి మాత్రం లెక్క సిద్ధంగా ఉంది. 1966లో చాండ్లర్ రాబిన్స్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన గూళ్ల కాలపు సర్వే అప్పటికి పదేళ్లుగా నడుస్తోంది. దక్షిణాది తోటల్లో ఏడాది పొడవునా కూసే కరోలినా రెన్ అనే చిన్న గోధుమరంగు పిట్ట వలస పోదు, మంచు పడితే పారిపోదు. 1976-77, 1977-78 చలికాలాల తర్వాత దాని గీత సర్వే పటంలో నిటారుగా పడిపోయింది. తర్వాతి ఏళ్లలో మళ్లీ మెల్లగా పైకెక్కింది. 1895లో ఉత్తరాల్లో చెప్పుకున్న కథే ఇప్పుడు ఒక గీతగా కనిపించింది.

2004 క్రిస్మస్‌కు మంచు మరీ దక్షిణానికి, మెక్సికో సరిహద్దున రియో గ్రాండ్ లోయకు దిగింది. బ్రౌన్స్‌విల్‌లో పడింది ఒకటిన్నర అంగుళాలే. కానీ అక్కడ కొలవదగ్గ మంచు పడటం 1895 తర్వాత అదే మొదటిసారి. ఈ లోయ అమెరికా పక్షి వీక్షకులకు తీర్థక్షేత్రం లాంటిది. ఆకుపచ్చ జే, కిస్కడీ, చాచలాకా వంటి మెక్సికో వైపు పిట్టలు ఆ దేశంలో ప్రధానంగా ఇక్కడే కనిపిస్తాయి. పైగా చాప్‌మన్ మొదలుపెట్టిన క్రిస్మస్ లెక్క ఇప్పుడు డిసెంబరు 14 నుంచి జనవరి 5 దాకా సాగుతుంది కనుక మంచు సరిగ్గా లెక్క రోజుల మధ్యలో పడింది. ఉష్ణమండలపు రంగులున్న పిట్టల కాళ్ల కింద తెల్లటి నేల అక్కడివాళ్లకు నూరేళ్లకు ఒక్కసారి దొరికిన దృశ్యం.

2021 ఫిబ్రవరి వచ్చేసరికి లెక్కలో చేరినవాళ్లు పెరిగిపోయారు. కోర్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి 1998లో మొదలుపెట్టిన పెరటి పక్షుల లెక్క ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు జరుగుతుంది. 2013 నుంచి అది ప్రపంచమంతటికీ విస్తరించింది. 2021లో అది ఫిబ్రవరి 12 నుంచి 15 వరకు. ఆ లెక్క ముగియకముందే టెక్సస్ మీద చలితుపాను విరుచుకుపడింది. డాలస్‌లో 16న మైనస్ 19 డిగ్రీలు, ఆస్టిన్‌లో ఆరంగుళాలకు పైగా మంచు. కరెంటు వ్యవస్థ కూలి 40 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకట్లో మునిగాయి. వందలమంది చనిపోయారు. ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్, ఆస్టిన్, హ్యూస్టన్ శివార్లలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలు కూడా నీళ్లు లేక, వేడి లేక ఆ రోజులు గడిపాయి.

ఆ తుపానులో పిట్టల పాట్లన్నింటిలోకి పర్పుల్ మార్టిన్ సంగతి ప్రత్యేకం. బ్రెజిల్ వైపు చలికాలం గడిపి జనవరి చివర, ఫిబ్రవరిలో టెక్సస్ చేరే వానకోవెల జాతి పిట్ట ఇది. ఎగిరే పురుగులు తప్ప మరొకటి తినదు. మంచు పడితే గాలిలో పురుగు ఉండదు. అమెరికా తూర్పు భాగంలో ఈ పిట్ట దాదాపు పూర్తిగా మనుషులు కట్టిన గూళ్లలోనే పిల్లలను పెడుతుంది. చోక్టా, చికసా వంటి ఆదివాసులు తమ పల్లెల్లో కొమ్మలకు ఎండు సొరకాయ బుర్రలు వేలాడదీసి వీటికి ఆశ్రయమిచ్చేవారని పందొమ్మిదో శతాబ్దపు తొలినాటి పక్షిశాస్త్రజ్ఞులు రాశారు. ఆ ఆచారాన్ని తెల్లవాళ్లూ, నల్లవాళ్లూ అందుకున్నారు. సొరకాయ బుర్రలు నేటికీ ఉన్నాయి, ప్లాస్టిక్ బుర్రలూ వచ్చాయి. గూళ్లు పెట్టినవాళ్లకు పిట్టల మీద యజమానుల బాధ్యత లాంటిది ఏర్పడింది. చలి రోజుల్లో వాళ్లు ఉడికించిన గుడ్డు తునకలను, చచ్చిన కీచురాళ్లను ప్లాస్టిక్ చెంచాతో గాలిలోకి ఎగరేస్తారు. గాలిలో పట్టుకుని తినడమే ఎరిగిన పిట్ట అప్పుడు వాటిని పురుగులనుకుని అందుకుంటుంది. అలవాటుపడ్డాక పళ్లెంలో పెట్టినా తింటుంది.

2025 జనవరి 21న న్యూ ఆర్లీన్స్‌లో 8 అంగుళాల మంచు పడింది. 1895 నాటి కొలతకు మళ్లీ దగ్గరగా రావడానికి 130 ఏళ్లు పట్టింది. ఫ్లోరిడా పశ్చిమ కొసన పెన్సకోలా ప్రాంతంలో 9 అంగుళాల దాకా పేరుకుంది. ఈ తీరంలో చలికాలం గడిపే పిట్టల్లో హమ్మింగ్‌బర్డులు ఉన్నాయన్న సంగతి 1895లో ఎవరికీ పట్టలేదు. 1970ల చివర నుంచి నాన్సీ న్యూఫీల్డ్ అనే పరిశీలకురాలు న్యూ ఆర్లీన్స్ పరిసరాల తోటల్లో వాటిని పట్టి, కాళ్లకు చిన్న ఉంగరాలు తొడిగి వదలడం మొదలుపెట్టాక, అవి దారితప్పి వచ్చినవి కావని తేలింది. అలాస్కా దాకా గూళ్లు పెట్టే రూఫస్ హమ్మింగ్‌బర్డ్ లూసియానాలో చలికాలం గడిపి, మరుసటి ఏడు అదే పెరటికి తిరిగొస్తుంది. కొన్ని గ్రాముల బరువున్న ఈ పిట్ట చలిరాత్రి ఒంటి వేడిని, గుండె వేగాన్ని బాగా తగ్గించుకుని నిద్రకన్నా లోతైన మొద్దుస్థితిలోకి జారుకుంటుంది. తెల్లారగానే దానికి చక్కెర కావాలి. ఒక వంతు పంచదారకు నాలుగు వంతుల నీళ్లు కలిపిన పానకం నీళ్లకన్నా కొంత తక్కువ ఉష్ణోగ్రత దగ్గర గడ్డకడుతుంది గానీ, గడ్డకట్టకుండా మాత్రం ఉండదు. అందుకని తీరంలోని ఇళ్లవాళ్లు చలిరాత్రుల్లో సీసాను లోపలికి తెచ్చి వెలుగు రాకముందే మళ్లీ వేలాడదీస్తారు, లేదా పక్కన వేడెక్కే బల్బు పెడతారు.

మంచు రోజు ఫోటోలూ ఫోన్ల నుంచి చేరిన జాబితాలూ ఎన్ని ఉన్నా, ఏ పిట్ట ఎంత నష్టపోయిందో తేల్చేది ఇప్పటికీ రాబిన్స్ వేసిన పద్ధతే. సూర్యోదయానికి అరగంట ముందు బయల్దేరి, ఇరవై నాలుగున్నర మైళ్ల దారిలో అర మైలుకొకసారి ఆగి, ఆగిన చోటల్లా మూడు నిమిషాలు వినిపించిన, కనిపించిన పిట్టలను రాసుకోవాలి. మొత్తం 50 మజిలీలు. ఎక్కువ దారుల్లో ఇది జూన్‌లో, మంచు మాట అందరూ మరిచిపోయిన ఉక్కపోతలో జరుగుతుంది.